జీవకణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ని ఫ్లోరెసెంట్ ప్రోబ్‌లతో కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లు అడిగేవి, దిగి రెండేళ్లయ్యాక అడగడానికి మొహమాటపడేవి, రెండు రకాల ప్రశ్నలూ ఇక్కడున్నాయి. వరుసగా చదవక్కర్లేదు. కాకపోతే మొదటి రెండూ వదిలేసి నేరుగా ప్రోటోకాల్ దగ్గరికి వెళ్లినవాళ్లు ఎలాగూ మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది, అదేదో ఇప్పుడే చదివేయండి.

ఆర్‌ఓఎస్ (రియాక్టివ్ ఆక్సిజన్ స్పీషీస్, అంటే ఇట్టే రియాక్ట్ అయ్యే ఆక్సిజన్ రూపాలు) ఎంత ఉందో ప్రోబ్ (రియాక్ట్ అయితే మెరుపు మారే రంగు) చెప్పేస్తుంది కదా, ఇంకేం కావాలి?

కిట్ డబ్బా మీద అలాగే రాసి ఉంటుంది, గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఆర్‌ఓఎస్ అనేది ఒక పదార్థం పేరు కాదు. వాహనం అన్న మాట లాంటిది, సైకిలూ వాహనమే రైలూ వాహనమే. సూపరాక్సైడ్‌కి చార్జ్ ఉంది కాబట్టి మెంబ్రేన్ దాటడానికి ఇబ్బంది పడుతుంది, ఎస్‌ఓడీ (సూపరాక్సైడ్ డిస్మ్యూటేజ్) ఎంజైమ్ దొరికిన వెంటనే దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేస్తుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ కాస్త నిలకడైనది, దూరం వెళ్లగలదు, కణాలు దాన్ని సిగ్నల్‌గా కూడా వాడుకుంటాయి. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే పక్కనున్నదాన్ని పట్టుకుని చచ్చిపోతుంది. ఈ మూడింటినీ కలిపి ఒకే అంకెగా చెప్పే ప్రోబ్ లేదు, ఉన్నా ఆ అంకెకి అర్థం ఉండదు.

ఇంకో సంగతి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న భావనని 1985లో హెల్ముట్ సీస్ నిర్వచించినప్పుడే అది ఆక్సిడెంట్లకీ యాంటీఆక్సిడెంట్లకీ మధ్య తూకం చెడటం గురించి. ప్రోబ్‌కి ఆ తూకం కనపడదు. దానికి తెలిసింది ఒక్కటే, తను ఎంతమేరకు రియాక్ట్ అయిందన్నది. అది కూడా కణంలోని రక్షణ ఎంజైమ్‌లతో పోటీపడి, అవి పట్టుకోగా మిగిలిన దాంట్లోంచి.

డీసీఎఫ్ ప్రోబ్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని కొలుస్తుందని అందరూ అంటారు. నిజమేనా?

నేరుగా కొలవదు. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

కణాలకి మనం ఇచ్చే రూపం డీసీఎఫ్‌హెచ్-డీఏ (డైక్లోరోడైహైడ్రోఫ్లోరెసిన్ డైఎసిటేట్), దానికి రెండు ఎసిటేట్ తోకలుంటాయి, అందుకే అది మెంబ్రేన్ దాటి లోపలికి పోతుంది. లోపల ఎస్టరేజ్ ఎంజైమ్‌లు ఆ తోకలు కోసేస్తాయి, మిగిలిన డీసీఎఫ్‌హెచ్‌కి మెరుపు లేదు. అది ఆక్సిడైజ్ అయి డీసీఎఫ్ అయితే 490-500 నానోమీటర్ల వెలుగులో పచ్చగా, 525 చుట్టుపక్కల మెరుస్తుంది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తిరకాసు ఆ ఆక్సిడైజ్ అయ్యే మెట్టు దగ్గరుంది. ఒట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్ డీసీఎఫ్‌హెచ్‌ని చెప్పుకోదగ్గ వేగంతో ఆక్సిడైజ్ చెయ్యలేదు, మధ్యలో ఇనుమో, ఏదో ఒక పెరాక్సిడేజో, సైటోక్రోమ్ సీనో ఉండాలి. 1965లో కెస్టన్, బ్రాంట్ దీన్ని మొదట పెరాక్సైడ్ కొలవడానికి వాడినప్పుడు కూడా పక్కన పెరాక్సిడేజ్ పెట్టుకునే వాడారు. ఆ షరతు కాలక్రమంలో జారిపోయింది, రంగు మాత్రం మిగిలింది.

అంటే ఏమవుతుందో చూడండి. మీరిచ్చిన మందు వల్ల కణం అపాప్టోసిస్‌లోకి (తనని తాను చంపుకునే ప్రక్రియలోకి) వెళ్లిందనుకుందాం. మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సీ బయటికొస్తుంది. పెరాక్సైడ్ రవ్వంత కూడా పెరగకపోయినా డీసీఎఫ్ మెరుపు పెరుగుతుంది. లైసోజోమ్ చిట్లి ఇనుము బయటపడినా అంతే. మీరు "ఆర్‌ఓఎస్ పెరగడం వల్ల కణాలు చచ్చాయి" అని రాస్తారు, జరిగింది తిరగేసి ఉండొచ్చు.

పైగా డీసీఎఫ్‌హెచ్ ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని రాడికల్‌గా మారినప్పుడు, ఆ రాడికల్ ఆక్సిజన్‌తో కలిసి సూపరాక్సైడ్ పుట్టిస్తుంది, దాంట్లోంచి మళ్లీ పెరాక్సైడ్. కొలవడానికి వచ్చిన పనిముట్టే సరుకు తయారుచేయడం మొదలుపెట్టిందన్నమాట.

అయితే డీసీఎఫ్ పూర్తిగా మానేయాలా?

మానేయక్కర్లేదు. వంద పదార్థాల్లో దేన్ని ముందుకు తీసుకెళ్లాలో జల్లెడ పట్టడానికి, చవకగా, ఒక్క పూటలో ఏదో జరుగుతోందా లేదా చూడ్డానికి బాగానే పనికొస్తుంది. దాని మీదే మెకానిజం కట్టకండి, అంతే. క్లోరోమీథైల్ తగిలించిన రకం థయోల్స్‌కి (కణంలో సల్ఫర్-హైడ్రోజన్ గుంపులున్న అణువులకి) అతుక్కుని లోపలే ఎక్కువసేపు ఉంటుంది, లీకేజీ సమస్య తగ్గుతుంది, కెమిస్ట్రీ సమస్య అలాగే ఉంటుంది.

లోడింగ్ సాధారణంగా 5 నుంచి 10 మైక్రోమోలార్, 37 డిగ్రీల్లో అరగంట, సీరం లేని బఫర్‌లో. సీరంలో కూడా ఎస్టరేజ్‌లుంటాయి కాబట్టి తోకలు బయటే తెగిపోతాయి, మీ బ్యాక్‌గ్రౌండ్ పెరిగి కణాల్లో సిగ్నల్ తగ్గుతుంది. ఫీనాల్ రెడ్ కూడా లేకుండా చూసుకోండి.

ఏ మందూ ఇవ్వని కంట్రోల్ కణాలు కూడా టైమ్ గడిచేకొద్దీ మెరిసిపోతున్నాయి. ఎందుకు?

చాలాసార్లు కారణం మైక్రోస్కోప్ వెలుగే. డీసీఎఫ్‌హెచ్ నీలి వెలుగు తగిలితే తనంతట తానే ఆక్సిడైజ్ అవుతుంది.

నాకు ఇది అర్థమైంది ఒక కంట్రోల్ వెల్ (ప్లేట్‌లో కణాలుండే గుంట) దగ్గర. కాన్ఫోకల్ మైక్రోస్కోప్‌లో జూమ్ చేసి, ఫోకస్ సరిగ్గా కుదరక 488 లేజర్ ఆన్‌లోనే ఉంచి ఐదు నిమిషాలు కిందా మీదా పడ్డాను. తర్వాత జూమ్ తగ్గించి చుట్టుపక్కల చూద్దామని వెనక్కొస్తే, మసక పచ్చటి కణాల మధ్య స్కేలు పెట్టి గీసినట్టు ఒక చతురస్రం, దానిలోపలి కణాలు మాత్రం దీపాల్లా ఉన్నాయి. గీత మీద పడిన ఒక కణం సగం సగంగా కూడా లేదు, రంగు లోపల పాకేసి మొత్తం వెలిగింది. ఆ వెల్‌లో మందు లేదు, పెరాక్సైడ్ లేదు, నా చేతకానితనం తప్ప ఏమీ లేదు. అంతకుముందు వారం తీసిన "టైమ్ కోర్స్" గ్రాఫ్ చూసుకుంటే కడుపులో తిప్పింది.

మీరూ పరీక్షించుకోవచ్చు, తేలికే. ఒకే రకం కణాలు రెండు వెల్స్‌లో పెట్టి ఒకదాన్ని పది సెకన్లకోసారి, ఇంకోదాన్ని ఐదు నిమిషాలకోసారి ఫోటో తీయండి. అరగంట తర్వాత రెండూ ఒకేలా ఉంటే పర్లేదు. మొదటిది ఎక్కువ మెరుస్తుంటే మీరు కొలుస్తున్నది మీ లేజర్‌నే. ఫోకస్ పెట్టుకోవడం మామూలు ట్రాన్స్‌మిటెడ్ లైట్‌లో, అదీ ఫిల్టర్‌తో మసకగా చేసుకుని కానివ్వండి.

డీహెచ్‌ఈ ఎర్రగా వచ్చింది. సూపరాక్సైడ్ అనేయొచ్చా?

అనేయకండి. డైహైడ్రోఎథిడియం (అదే డీహెచ్‌ఈ) సూపరాక్సైడ్‌తో రియాక్ట్ అయితే వచ్చేది 2-హైడ్రాక్సీఎథిడియం. వేరే ఆక్సిడెంట్లు, హీమ్ ప్రోటీన్లు తగిలితే వచ్చేది మామూలు ఎథిడియం. రెండూ ఎర్రగానే ఉంటాయి, రెండూ డీఎన్‌ఏకి అతుక్కుంటాయి, 510 దగ్గర వెలిగిస్తే రెండూ కలిసే కనపడతాయి, పైగా కణంలో ఎథిడియం తరచుగా ఎక్కువ మోతాదులో ఉంటుంది. 400 చుట్టుపక్కల వెలిగిస్తే 2-హైడ్రాక్సీఎథిడియం కొంచెం మెరుగ్గా విడిపడుతుంది, కానీ అదీ పూర్తి పరిష్కారం కాదు. ఖాయంగా చెప్పాలంటే కణాల్ని కరిగించి హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాల్ని విడగొట్టే మెషీన్) మీద రెండు పీక్‌లూ విడిగా చూడటమే దారి. ఆ మెషీన్ అందుబాటులో లేనివాళ్లు "డీహెచ్‌ఈ ఆక్సిడేషన్ పెరిగింది" అని రాసి ఆపేయండి, అది అబద్ధం కాదు.

మైటోసాక్స్ మైటోకాండ్రియాకే వెళ్తుంది కాబట్టి అది ఖచ్చితం కదా?

వెళ్లే మాట నిజమే, ఇది డీహెచ్‌ఈకి ట్రైఫెనైల్‌ఫాస్ఫోనియం గుంపు తగిలించిన రంగు, ఆ గుంపు పాజిటివ్ చార్జ్‌తో మైటోకాండ్రియా లోపలి నెగటివ్ వైపు లాగేసుకుంటుంది. లెక్క ప్రకారం మెంబ్రేన్ పొటెన్షియల్ (మెంబ్రేన్ రెండు వైపుల మధ్య వోల్టేజీ తేడా) ప్రతి 60 మిల్లీవోల్టులకీ సుమారు పదింతలు పోగవుతుంది. అందుకే చిక్కు కూడా. మీ మందు మెంబ్రేన్ పొటెన్షియల్‌ని పడగొడితే ప్రోబ్ లోపలికి తక్కువ పోతుంది, సూపరాక్సైడ్ తగ్గినట్టు కనపడుతుంది. ముందే లోడ్ చేసి తర్వాత పడగొడితే రంగు బయటికొచ్చి న్యూక్లియస్‌లో డీఎన్‌ఏకి అతుక్కుని ఇంకా మెరుస్తుంది, పెరిగినట్టు కనపడుతుంది. ఒకే సంఘటన, రెండు ఎదురెదురు ఫలితాలు, ఏది ముందు చేశారన్నదాన్ని బట్టి. ఇక డీహెచ్‌ఈకి చెప్పిన ఎథిడియం గొడవ దీనికీ యథాతథంగా వర్తిస్తుంది.

పక్కనే టీఎంఆర్‌ఎం అనే రంగుతో మెంబ్రేన్ పొటెన్షియల్ చూడండి. మైటోసాక్స్ డోసు 1 నుంచి 5 మైక్రోమోలార్ మధ్య, వీలైనంత కిందికే. ఫోటోలో న్యూక్లియస్ లోపలి న్యూక్లియోలస్‌లు ఎర్రగా మెరుస్తున్నాయంటే ఆ డేటాని మైటోకాండ్రియా పేరు మీద వాడకండి. ప్లేట్ రీడర్‌లో మాత్రమే చదివేవాళ్లకి ఈ విషయం ఎప్పటికీ తెలియదు, ఒక్కసారైనా కంటితో చూడాలి.

హైడ్రాక్సిల్ రాడికల్‌కి మంచి ప్రోబ్ చెప్పండి.

బతికున్న కణంలో దాన్ని నమ్మకంగా పట్టే ప్రోబ్ ఉందని నేననుకోను. ఆ రాడికల్ ఎదురుపడిన దాదాపు ప్రతి అణువుతోనూ డిఫ్యూజన్ ఎంత వేగంగా ఉంటే అంత వేగంగా రియాక్ట్ అవుతుంది. కణంలో ఒక్క గ్లూటాథయోనే (కణం సొంతంగా చేసుకునే యాంటీఆక్సిడెంట్) 1 నుంచి 10 మిల్లీమోలార్ దాకా ఉంటుంది, ప్రోటీన్లు, లిపిడ్లు సరే సరి. వాటి మధ్య పది మైక్రోమోలార్ ప్రోబ్‌కి దక్కే వాటా ఎంత? అది వదిలిన గుర్తులు చూడటం నయం.

బోరోనేట్ (బోరాన్ గుంపున్న) ప్రోబ్‌లు పెరాక్సైడ్‌కి ప్రత్యేకమంటారు, అవి వాడొచ్చా?

డీసీఎఫ్ కంటే కెమిస్ట్రీ చాలా శుభ్రంగా ఉంటుంది, అందుకు మెచ్చుకోవాలి. కానీ నెమ్మది. పెరాక్సిరెడాక్సిన్లు (పెరాక్సైడ్‌ని తొలగించే కణపు ఎంజైమ్‌లు) అదే పెరాక్సైడ్‌ని కోటి రెట్లకి పైగా వేగంతో మింగేస్తుంటే ఈ ప్రోబ్‌కి మిగిలేది ముక్కా చెక్కా. పెరాక్సినైట్రైట్ (సూపరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ కలిస్తే పుట్టేది) ఉంటే దాంతో పెరాక్సైడ్ కంటే దాదాపు పది లక్షల రెట్లు వేగంగా రియాక్ట్ అవుతుంది. కాబట్టి మాక్రోఫేజ్‌ల లాంటి నైట్రిక్ ఆక్సైడ్ చేసే కణాల్లో వాడితే, నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్‌ని ఆపే ఇన్హిబిటర్ పెట్టిన వెల్ ఒకటి తప్పనిసరి.

జీన్ ద్వారా పెట్టే సెన్సర్లకి మారడం అంత శ్రమకి తగ్గ పనేనా?

ఒకే రకం కణాల మీద ఏడాదికి మించి పని చేసేవాళ్లకి తగిన పనే అంటాను. రోజీఎఫ్‌పీ2 అంటే జీఎఫ్‌పీలో (పచ్చగా మెరిసే గ్రీన్ ఫ్లోరెసెంట్ ప్రోటీన్‌లో) పక్కపక్కన రెండు సిస్టైన్లు (సల్ఫర్ ఉన్న అమైనో ఆమ్లాలు) పెట్టి చేసింది, 2004లో వచ్చింది, ఆ పనిలో పాలుపంచుకున్న రోజర్ సియెన్‌కి 2008లో జీఎఫ్‌పీ మీద నోబెల్ పంచుకున్నవాళ్లలో చోటు దక్కింది. ఆ సిస్టైన్లు ఆక్సిడైజ్ అయి వాటి మధ్య డైసల్ఫైడ్ బంధం కట్టుకుంటే 405 దగ్గర వెలుగు పెరుగుతుంది, 488 దగ్గర తగ్గుతుంది. రెండింటి నిష్పత్తి తీస్తాం కాబట్టి ఒక కణంలో సెన్సర్ ఎక్కువుందా తక్కువుందా అన్న గొడవ లేదు. దానికి గ్లూటారెడాక్సిన్ అనే ఎంజైమ్ కలిపితే (2008) గ్లూటాథయోన్ రెడాక్స్ స్థితి చెప్తుంది, ఈస్ట్ నుంచి తెచ్చిన ఓఆర్‌పీ1 ప్రోటీన్ కలిపితే (2009) పెరాక్సైడ్ చెప్తుంది. అన్నిటికన్నా హాయి ఏంటంటే వెనక్కి తిరుగుతుంది. డీసీఎఫ్ ఒకసారి మెరిస్తే మెరిసినట్టే, ఇది మాత్రం పెరిగి, తగ్గి, కణం కోలుకోవడాన్ని కూడా చూపిస్తుంది.

2006లో వచ్చిన హైపర్ అనే సెన్సర్ ఇంకో దారి, బ్యాక్టీరియాలోని ఆక్సీఆర్ ప్రోటీన్‌ని పసుపు ఫ్లోరెసెంట్ ప్రోటీన్‌తో జోడించి చేశారు. దాని జబ్బు పీహెచ్. కణం కాస్త ఆల్కలైన్ అయితే చాలు, పెరాక్సైడ్ వచ్చినట్టు నిష్పత్తి పెరుగుతుంది. సిస్టైన్ ఒకటి తీసేసిన సైఫర్‌ని కంట్రోల్‌గా పెట్టకుండా పాత హైపర్ డేటా ఎవరైనా చూపిస్తే నేను నమ్మను. 2020లో వచ్చిన హైపర్7 ఆ విషయంలో చాలా నయం, సున్నితత్వం కూడా ఎక్కువ.

ఒక హెచ్చరిక: రోజీఎఫ్‌పీ2ని ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌లో పెట్టకండి. అక్కడి వాతావరణమే ఆక్సిడైజింగ్, సెన్సర్ మొదట్నుంచే నిండిపోయి ఉంటుంది, ఇంక ఏం చూపిస్తుంది?

రోజీఎఫ్‌పీ2 నిష్పత్తి (405/488) వచ్చింది, అదే ఆక్సిడేషన్ శాతం అనుకోవచ్చా?

ఇక్కడ మంచి మంచివాళ్లు కూడా జారారు, అందుకే అంకెలతో చూద్దాం. ప్రయోగం చివర్లో డైథయోథ్రైటాల్‌తో పూర్తిగా రెడ్యూస్ చేసి ఒకసారి, వేరే వెల్‌లో డయమైడ్‌తో పూర్తిగా ఆక్సిడైజ్ చేసి ఒకసారి చదవాలి, ఇది తప్పదు. రెడ్యూస్ అయినప్పుడు 488 దగ్గర 100, 405 దగ్గర 20 వచ్చాయనుకోండి, నిష్పత్తి 0.2. పూర్తిగా ఆక్సిడైజ్ అయినప్పుడు 488 దగ్గర 25, 405 దగ్గర 50, నిష్పత్తి 2.0. మీ కణాల నిష్పత్తి 0.5.

0.2 నుంచి 2.0 దాకా ఉన్న దూరంలో 0.5 ఎక్కడుందో చూస్తే 0.3ని 1.8తో భాగించి 17 శాతం అంటారు. తప్పు. నిష్పత్తి కింద ఉన్న 488 కూడా మారుతోంది కాబట్టి అది సరళరేఖ కాదు. ఆక్సిడైజ్ అయినప్పటి 488ని రెడ్యూస్ అయినప్పటి 488తో భాగిస్తే 0.25. దాన్ని 2.0కీ 0.5కీ మధ్య తేడా 1.5తో గుణిస్తే 0.375. ఇప్పుడు 0.3ని 0.3, 0.375ల మొత్తంతో భాగించండి, 0.44. అంటే 44 శాతం. అనుమానముంటే వెనక్కి కట్టి చూసుకోండి: 44.4 శాతం ఆక్సిడైజ్ అయితే 488 దగ్గర 66.7, 405 దగ్గర 33.3, భాగిస్తే సరిగ్గా 0.5. పదిహేడుకీ నలభై నాలుగుకీ తేడా చిన్నదేం కాదు.

పాజిటివ్ కంట్రోల్‌గా హైడ్రోజన్ పెరాక్సైడ్, నెగటివ్ కంట్రోల్‌గా ఎన్-ఎసిటైల్ సిస్టైన్. చాలవా?

మొదటిది ప్రోబ్ బతికే ఉందని చెప్తుంది, అంతవరకూ ఓకే. బయట 100 మైక్రోమోలార్ పోస్తే లోపల వందల రెట్లు తక్కువే చేరుతుంది, అయినా మామూలు కణంలో ఉండే 1 నుంచి 10 నానోమోలార్‌తో పోలిస్తే అది వరదే. మైటోకాండ్రియా ప్రశ్న అయితే యాంటిమైసిన్ ఏ, రెడాక్స్ సైక్లింగ్ (ఎలక్ట్రాన్లు తీసుకుని ఆక్సిజన్‌కి ఇస్తూ పదేపదే సూపరాక్సైడ్ పుట్టించడం) కావాలంటే మెనాడియోన్ పెట్టండి.

ఎన్-ఎసిటైల్ సిస్టైన్ సంగతి వేరు. పెరాక్సైడ్‌తో దాని రియాక్షన్ చాలా నెమ్మది, కణంలో అది చేసే పని ఎక్కువగా గ్లూటాథయోన్‌కి ముడిసరుకు కావడం, సల్ఫర్ రసాయనాన్ని మార్చడం. అది ఇస్తే మెరుపు తగ్గిందంటే "కాబట్టి ఆర్‌ఓఎస్సే" అనడానికి లేదు. మీ మందునే నేరుగా పట్టేసి నిర్వీర్యం చేసి ఉండొచ్చు, ఎలక్ట్రోఫైల్ (థయోల్స్‌కి ఇట్టే అతుక్కునే) మందులతో ఇలా జరుగుతుంది. కెటలేజ్‌ని (పెరాక్సైడ్‌ని విడగొట్టే ఎంజైమ్‌ని) కణంలో ఎక్కువ తయారయ్యేలా చేయడం, లేదా పెగ్ అనే పాలిమర్ తగిలించిన పెగ్-కెటలేజ్, పెగ్-ఎస్‌ఓడీ వాడటం నయం.

మీడియం మారిస్తే ఫలితం మారిపోతోంది, కణాలు అవే, మందూ అదే!

మారుతుంది. చాలా మీడియంలలో 1 మిల్లీమోలార్ పైరువేట్ ఉంటుంది, అది పెరాక్సైడ్‌ని నిశ్శబ్దంగా తినేస్తుంది. రెండో వైపు, పాలీఫీనాల్స్ మీడియంలోనే తమంతట తాము ఆక్సిడైజ్ అయి పెరాక్సైడ్ పుట్టిస్తాయి, కణాలకి సంబంధం లేకుండా. మీ "యాంటీఆక్సిడెంట్" ఎక్కువ డోసులో ప్రో-ఆక్సిడెంట్‌గా మారిందని సంబరపడేముందు కణాల్లేని మీడియంలో మందు వేసి యాంప్లెక్స్ రెడ్ అనే ప్రోబ్‌తో పెరాక్సైడ్ చూడండి. పది నిమిషాల పని.

మందే మెరుస్తుంటే?

ప్రోబ్ లేకుండా మందు ఒక్కటే వేసిన కణాలు ప్రతి ప్లేట్‌లోనూ ఉండాలి. కుర్‌క్యుమిన్ పచ్చ చానెల్‌లో మెరుస్తుంది, డాక్సోరుబిసిన్ 480 దగ్గర వెలిగి ఎర్రగా 590 దగ్గర కనపడుతుంది, అంటే సరిగ్గా మైటోసాక్స్ చూసే చోటే, అదీ న్యూక్లియస్‌లో. కొన్ని మందులు వెలుగుని మింగేసి సిగ్నల్ తగ్గిస్తాయి కూడా.

ప్లేట్ రీడరా, ఫ్లో సైటోమీటరా, మైక్రోస్కోపా?

రీడర్ త్వరగా అవుతుంది, కానీ సగం కణాలు ఊడిపోయినా అదే చెప్పదు, కాబట్టి డీఎన్‌ఏ రంగుతో కణాల సంఖ్య చూసుకుని భాగించాలి. ఫ్లోలో చచ్చినవాటిని పక్కకి తీసేయొచ్చు, అతుక్కుని పెరిగే కణాల్ని ట్రిప్సిన్‌తో ఊడదీయడమే వాటికో స్ట్రెస్ అని మర్చిపోకండి. ఎక్కడ జరుగుతోందో కావాలంటే మైక్రోస్కోపే.

సాయంత్రం కణాల్ని ఫిక్స్ చేసి (రసాయనంతో ఉన్న స్థితిలోనే బిగించి) రేపు చూడొచ్చా?

డీసీఎఫ్‌ని చూడలేం, కారిపోతుంది. ఫిక్స్ చేయడానికి వీలైన కమర్షియల్ రంగులున్నాయి, వాటిలో కొన్నిటి నిర్మాణం కంపెనీలు బయటపెట్టవు, దేంతో రియాక్ట్ అవుతుందో తెలియని దాంతో మెకానిజం ఎలా రాస్తారో నాకర్థం కాదు. రోజీఎఫ్‌పీ2 అయితే ఫిక్స్ చేసేముందు ఎన్-ఇథైల్‌మాలిమైడ్‌తో థయోల్స్‌ని బంధించేస్తే ఆ క్షణపు స్థితి నిలుస్తుంది.

లిపిడ్ పెరాక్సిడేషన్‌కి (మెంబ్రేన్ కొవ్వులు ఆక్సిడైజ్ కావడానికి) సీ11-బాడీపీ అనే రంగుని ఎలా చదవాలి?

ఇది ఎర్ర చానెల్‌లో 590 దగ్గర మొదలై, ఆక్సిడైజ్ అయితే పచ్చకి 510 వైపు మారుతుంది. పచ్చ పెరగడం ఒక్కటే చూపిస్తే సరిపోదు, ఎర్ర తగ్గిందా అన్నది కూడా చూపించాలి, లేకపోతే రంగు ఎక్కువ లోడ్ అయినా అలాగే కనపడుతుంది. ఫెరాప్టోసిస్ (ఇనుము వల్ల లిపిడ్లు ఆక్సిడైజ్ అయి కణం చావడం) పని అయితే ఆర్‌ఎస్‌ఎల్3 పాజిటివ్‌గా, ఫెరోస్టాటిన్-1 రక్షణగా పెట్టుకోండి. మెరిసేది మీ లిపిడ్ కాదు, వాటి మధ్యలో దూరిన రంగు, అది గుర్తుంచుకుని రాయండి.

పేపర్‌లో ఏం రాయాలి?

ప్రోబ్ పూర్తి పేరు, మోతాదు, ఎంతసేపు, ఏ బఫర్, ఎక్సైటేషన్, ఎమిషన్, ఎన్నిసార్లు వెలుగు తగిలింది, కంట్రోల్స్ ఏంటి. 2022లో నేచర్ మెటబాలిజమ్‌లో ఈ రంగంలోవాళ్లు చాలామంది కలిసి మార్గదర్శకాలు రాశారు, రివ్యూయర్లు దాన్ని ముందు పెట్టుకునే అడుగుతున్నారు, కాబట్టి ప్రయోగానికి ముందే చదవడం తెలివి. ఫిగర్ అక్షం మీద "ఆర్‌ఓఎస్" అని కాకుండా "డీసీఎఫ్ ఫ్లోరెసెన్స్, కంట్రోల్‌తో పోలిస్తే" అని రాయండి. రెండో సాక్ష్యంగా ఇదే కుటుంబంలోని ఇంకో రంగు కాకుండా వేరే తరహాది పెట్టండి, పెరాక్సిరెడాక్సిన్ ఆక్సిడేషన్‌ని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని యాంటీబాడీలతో పట్టే పద్ధతిలో) చూడటం లాంటిది, దానికి మెరుపుతో పనే లేదు.